కవచకుండలాలూ సూదిమందులూ

2023 ఆగస్టులో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. మన దేశంలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన స్త్రీగా పేరు పొందిన ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్ మీద నాలుగేళ్ళ నిషేధం విధించారు. 2022 డిసెంబరులో, పోటీలు లేని రోజుల్లో, రెండుసార్లు తీసిన నమూనాల్లో కండరాలను పెంచే నిషిద్ధ పదార్థాలు బయటపడ్డాయి.

ఆ రోజు మా కాలేజీలో అధ్యాపకుల గదిలో ఒక మిత్రుడు పత్రికను మడిచి బల్ల మీద పడేసి, "2014లోనే చెప్పారు గదా ఆమె సంగతి! అప్పుడు మీబోటివాళ్ళంతా ఆమెను వెనకేసుకొచ్చారు. ఇప్పుడేమంటారు?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళు చాలామంది తలలూపారు. నేను మాట్లాడలేదు. జవాబు లేక కాదు, సిగ్గుపడి. మనం సమర్థించిన మనిషి తప్పు చేసి పట్టుబడితే ఆ తప్పు మన వాదానికి కూడా అంటుకుందేమో అనే పిరికి సిగ్గు అది. అట్లా సిగ్గుపడవలసిన అవసరం లేదని చెప్పటానికే ఇప్పుడీ వ్యాసం రాస్తున్నాను. మిత్రుడి మాటలో ఒక చిన్న మోసం ఉంది. అది ఆయన చేసిన మోసం కాదు. లోకం ఎంతోకాలంగా చేస్తున్న మోసాన్నే ఆయన తెలియక అప్పు తెచ్చుకున్నాడు.

2014లో ఏం జరిగింది? జాజ్‌పూర్ జిల్లా చకా గోపాల్‌పూర్ అనే పల్లెలో బీద చేనేత కుటుంబంలో పుట్టిన ఆ పిల్ల వయసు అప్పుడు 18 ఏళ్ళు. గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ఇక కొద్దిరోజులే ఉందనగా ఆమెను జట్టులోనుంచి తీసేశారు. ఆమె ఏ మందూ మింగలేదు. మింగిందని ఎవరూ అనలేదు కూడా. ఆమె శరీరం తనంతట తాను తయారుచేసుకునే టెస్టోస్టెరోన్ అనే హార్మోను స్త్రీలకు సాధారణంగా ఉండేదానికన్నా ఎక్కువ ఉందన్నారు. అది తగ్గించుకుని వస్తేనే స్త్రీల పందెంలో చోటన్నారు. తగ్గించుకోవటమంటే మందులు మింగటమో, కత్తి కింద పడుకోవటమో. ఆరోగ్యంగా ఉన్న మనిషిని, రోగమేమీ లేకుండా, మందు వేసుకుని రమ్మన్నారు!

2022లో జరిగింది వేరు. అప్పుడు దొరికినవి ఆమె శరీరం చేసినవి కావు, ప్రయోగశాలలో మనుషులు చేసినవి. ఫిజియోథెరపిస్టు సలహా మీద వేసుకున్నానని ఆమె చెప్పుకుంది. విచారించినవారు ఆ సంజాయిషీతో తృప్తిపడక పూర్తి శిక్ష వేశారు. శిక్ష న్యాయమైనదే. ఒంట్లోకి ఏం పోతున్నదో తెలుసుకోవటం పందెంలో దిగేవాళ్ళ బాధ్యత. బీదపిల్ల గదా, మన పిల్ల గదా అని దాన్ని కప్పిపెట్టటం ఆమెకు చేసే మేలు కాదు. ఆమె పక్క వరసలో మందు ముట్టకుండా పరుగెత్తిన మరొక బీదపిల్లకు చేసే ద్రోహం.

అయితే రెండో నేరం రుజువైనంతమాత్రాన మొదటి నింద నిజమైపోతుందా? తాతలనాటి పొలంలో పండిన ధాన్యాన్ని దొంగసొమ్మని ఒకడి ఇంట్లోనుంచి ఎత్తుకుపోయారనుకుందాం. ఎనిమిదేళ్ళ తర్వాత అతడు నిజంగానే పక్కవాడి కళ్ళంలో గింజలు ఎత్తుకొచ్చి పట్టుబడ్డాడనుకుందాం. "చూశారా, ఆనాడు మేము చేసింది సబబే" అని ధాన్యం ఎత్తుకుపోయినవాళ్ళు మీసం మెలివేస్తే ఒప్పుకుంటామా? మా మిత్రుడి తర్కం అదే. పుట్టుకతో వచ్చినదాన్నీ, కొనుక్కొచ్చినదాన్నీ ఒకే సంచిలో వేసి, సంచి మూతికి "అనుమానం" అనే చీటీ కడతారు.

భారతం చదువుకున్న జాతికి ఈ తేడా కొత్తగా చెప్పవలసిన పని లేదు. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనంలో కర్ణుడు ముందుకు వచ్చి అర్జునుడు చేసిందంతా తానూ చేసి చూపిస్తానన్నప్పుడు కృపుడు అతని విలువిద్యను పరీక్షించలేదు, కులం పరీక్షించాడు. పందెంలో ఓడించటం కష్టమనుకున్నప్పుడు పందెంలో దిగే అర్హతనే ప్రశ్నించటం అంత పాతది. తర్వాత అరణ్యపర్వంలో ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి కవచకుండలాలు అడిగి పుచ్చుకుపోయాడు. కర్ణుడు ఆ కవచాన్ని కొనలేదు, దొంగిలించలేదు. దానితోనే పుట్టాడు. అర్జునుడి తండ్రికి అది సహించరానిదిగా కనిపించింది. అదే అర్జునుడి చేతిలో పాశుపతం ఉండటం మాత్రం సహజంగానే కనిపించింది. ఇక మూడో సంగతి. పరశురాముడి దగ్గర బ్రాహ్మణుణ్ణని అబద్ధమాడి అస్త్రం సంపాదించినవాడు కూడా ఈ కర్ణుడే. ఆ అబద్ధానికి శాపం తగిలింది. శాపం తగిలింది గనుక కవచకుండలాలు కూడా అబద్ధమాడి సంపాదించినవేనని భారతం ఎక్కడా చెప్పలేదు. వెయ్యేళ్ళనాటి మన కవులకున్న ఈ పాటి వివేచన ఈనాటి క్రీడాపండితులకు లేకపోవటం విచారించదగిన విషయం.

ఇక పుట్టుకతో వచ్చే బలాల సంగతి చూద్దాం. పుట్టుకలో అందరికీ ఒకే శరీరం రాదు. అందరికీ ఒకే శరీరం ఉంటే పరుగుపందెమే ఉండదు. 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకండ్లలో పరుగెత్తాడు. అతని ఎత్తు 1.95 మీటర్లు. అంత పొడగరి మొదట్లో దూకుడు అందుకోలేడని, ఆ పందానికి పనికిరాడని అంతవరకూ శిక్షకులు అనుకునేవారు. అతను 41 అంగల్లో దూరమంతా కొలిచేశాడు. ఆ కాళ్ళ పొడుగు అతను కష్టపడి సంపాదించింది కాదు. వెన్నెముక వంకర కూడా అతను కోరుకున్నది కాదు. ఒకటి లాభించింది, ఒకటి బాధించింది, రెండూ పుట్టుకవే. ఆ కాళ్ళను పొట్టిచేసుకుని రమ్మని ఎవరూ అనలేదు. ప్రపంచం దాన్ని ప్రతిభ అన్నది. అనవలసిందే.

ఫిన్లండు దేశంలో ఈరో మాంటిరాంటా అనే మంచుబాట పరుగువీరుడు ఉండేవాడు. 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. అతని రక్తంలో ఎర్రకణాలు మరీ ఎక్కువగా ఉండటం చూసి మోసం చేశాడేమోనని గుసగుసలాడారు. చాలా ఏళ్ళ తర్వాత శాస్త్రజ్ఞులు అతని కుటుంబాన్నంతా పరీక్షించి అది వంశంలో వచ్చిన జన్యువు మార్పు అని 1990లలో తేల్చారు. ఇతరులు సూదిమందుతో తెచ్చుకోవటానికి ప్రయత్నించే బలం అతనికి తల్లిదండ్రుల నుంచి వచ్చింది. అతని పతకాలు ఎవరూ వెనక్కు తీసుకోలేదు. రక్తం పలచన చేసుకుని రమ్మని ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఎదుటిపక్షం వారు ఒక బలమైన మాట అంటారు. దాన్ని దాటవేయటం నిజాయితీ కాదు. "ఎత్తును బట్టి పందాలను విభజించలేదు, రక్తాన్ని బట్టి విభజించలేదు. స్త్రీపురుష భేదాన్ని బట్టి మాత్రం విభజించాం. పరుగులో మేటి పురుషులకూ మేటి స్త్రీలకూ మధ్య 10 నుంచి 12 శాతం తేడా ఉంది. ఆ తేడాకు ముఖ్యకారణం టెస్టోస్టెరోన్. గీత గీయకపోతే స్త్రీలకు పందెమే మిగలదు" అంటారు. నిజమే. స్త్రీల విభాగం ఉండాలి. అది స్త్రీలు పోరాడి తెచ్చుకున్న చోటు. దానికి ఒక గీత కావాలనటంలో కూడా తప్పు లేదు. నేను అడిగేది మూడే: ఆ గీతకు ఆధారం చూపిస్తారా? ఆ గీత దగ్గర నిలబడ్డ మనిషిని మనిషిగా చూస్తారా? ఆ గీత ఎవరి వాకిట్లో గీస్తున్నారు?

ఆధారం సంగతి చూడండి. లౌసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2015 జూలైలో ద్యుతీ కేసులో తీర్పు చెబుతూ, ఆమెలాంటి స్త్రీలకు ఈ హార్మోను వల్ల కలిగే లాభం వాళ్ళను విభాగంలోంచి తోసివేయదగినంత పెద్దదని సమాఖ్య చూపలేకపోయిందని చెప్పి, నియమాన్ని రెండేళ్ళపాటు నిలిపివేసింది. సమాఖ్యకు సంబంధించినవారే 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. 2018లో కొత్త నియమం వచ్చింది: 400 మీటర్ల నుంచి మైలు వరకూ ఉన్న పందాలకే వర్తిస్తుందన్నారు. 100 మీటర్లను వదిలేశారు. అంటే ద్యుతీకి 2014లో చేసింది అనవసరమని వాళ్ళ నియమమే ఒప్పుకున్నట్టు. 2021లో ఆ పరిశోధకులే తమ వ్యాసానికి సవరణ వేసి, అందులోని కొన్ని వాక్యాలు తప్పుదారి పట్టించేలా ఉండవచ్చునన్నారు. 2023 మార్చిలో నియమం మళ్ళీ మారింది: అన్ని పందాలకూ వర్తిస్తుందన్నారు. 2025 సెప్టెంబరు 1 నుంచి మరో పద్ధతి: స్త్రీల విభాగంలో ప్రపంచ స్థాయి పోటీలకు రావాలంటే ఒకసారి జన్యుపరీక్ష చేయించుకోవాలన్నారు. పదకొండేళ్ళలో గీత ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టుకోండి. శాస్త్రం మారటం తప్పు కాదు. మారుతున్న శాస్త్రాన్ని మారనిదన్నట్టు ఒక పల్లెటూరి పిల్ల నెత్తిన మోపటం తప్పు.

మనిషిని మనిషిగా చూడటం సంగతికి రండి. ఈ కథ నిన్నా మొన్నా మొదలైంది కాదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచిన అమెరికా యువతి హెలెన్ స్టీఫెన్స్ మగవాడేమోనని నింద వచ్చింది. పరీక్షించి స్త్రీయేనని తేల్చారు. ఆమె చేతిలో ఓడిపోయిన పోలండు వీరవనిత స్టెల్లా వాల్ష్ 1980లో హత్యకు గురైనప్పుడు శవపరీక్షలో ఆమె శరీరమే స్త్రీపురుష లక్షణాలు కలిసినదని బయటపడింది. వేలెత్తి చూపినవాళ్ళ చూపు ఎంత నమ్మదగినదో ఇంతకంటే చెప్పనక్కరలేదు. 1966లో బుడాపెస్టులో క్రీడాకారిణులను వైద్యుల ముందు బట్టలు లేకుండా నడిపించారు. 1967లో పోలండుకు చెందిన ఎవా క్లొబుకోవ్‌స్కా క్రోమోసోము పరీక్షలో నెగ్గలేదని ఆమె రికార్డులు కొట్టివేశారు. 1985లో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మారియా మార్టినెస్ పటీన్యోకు అదే గతి పట్టింది. ఆమె శరీరానికి ఆ హార్మోనును వాడుకునే శక్తే లేదని చెప్పుకుని తిరిగి అర్హత సంపాదించటానికి 1988 వరకూ పట్టింది. మన పొరుగున పుదుక్కోట్టై జిల్లాకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో గెలుచుకున్న రజతాన్ని లాక్కుని ఇంటికి పంపారు. ఆమె తర్వాత ఇటుకబట్టీలో కూలికి పోయింది.

అన్నిటికన్నా ఘోరమైనది 2013లో ఒక వైద్యపత్రికలో వచ్చింది. అభివృద్ధి చెందుతున్న దేశాల పల్లెప్రాంతాల నుంచి వచ్చిన నలుగురు క్రీడాకారిణులు. వయసు 18 నుంచి 21. లోపల ఉన్న గ్రంథులవల్ల ఆరోగ్యానికి ప్రమాదమేమీ లేదని తెలిసి కూడా వాటిని కోసి తీసేశారు. అంతటితో ఆగక, పరుగుతో ఏ సంబంధమూ లేని జననాంగ భాగాన్ని కూడా కత్తిరించారు. తర్వాత పోటీలకు అనుమతిచ్చారు. దీన్ని వైద్యులే పత్రికలో రాసుకున్నారు. ఇంద్రుడు కనీసం అడిగి పుచ్చుకున్నాడు. బదులుగా ఒక శక్తి అయినా ఇచ్చి వెళ్ళాడు.

మూడో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. 2014 తర్వాత ఈ గీత దగ్గర ఆపినవాళ్ళుగా మనకు తెలిసిన పేర్లు చూడండి: ఒడిశా ద్యుతీ, దక్షిణాఫ్రికా సెమెన్యా, నమీబియా ఎంబోమా. అనుమానం వాలుకు పారే నీరు. పైనున్నవాడి ఒంట్లో వింత ఉంటే అది ప్రతిభ. కిందనున్నదాని ఒంట్లో వింత ఉంటే అది నేరం. పోనీ, ఈ "అన్యాయమైన బలం" ద్యుతీకి ఏం కట్టబెట్టింది? కేసు గెలిచాక ఆమె మన హైదరాబాదులో శిక్షణ పొంది, 2016లో రియో వెళ్ళింది. ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తిన భారతీయ స్త్రీ 1980లో ఉష తర్వాత ఆమే. మొదటి రౌండులోనే వెనుదిరిగింది. టోక్యోలోనూ అంతే. జీవితంలో ఆమె అత్యుత్తమ పరుగు 11.17 సెకండ్లు. ఏ హార్మోను గొడవా లేని ఎంతమందో అంతకన్నా వేగంగా పరుగెత్తారు. అన్యాయమైన బలమంటే ఇదేనా?

ఇక సూదిమందుల సంగతి. ఇక్కడ నేను మొదటి పక్షానికే కాదు, నా పక్షానికి కూడా కొన్ని చేదు మాటలు చెప్పాలి.

బోల్ట్ గురించి నలుగురూ అనే మాట ఒకటుంది: "మందులు మింగినవాళ్ళను మందులు లేకుండా ఓడించటం ఎట్లా సాధ్యం?" మాట అర్థం లేనిది కాదు. బెర్లిన్‌లో అతని వెనుక వచ్చిన గే, పవెల్ ఇద్దరూ 2013లో పట్టుబడ్డారు. 2008 బీజింగ్ రిలేలో జట్టు సహచరుడు కార్టర్ నమూనా మళ్ళీ పరీక్షించగా దోషం బయటపడి, 2017లో బోల్ట్ తొమ్మిది బంగారాల్లో ఒకటి వెనక్కు పోయింది. అయినా బోల్ట్ ఏ పరీక్షలోనూ ఎన్నడూ దొరకలేదు. "దొరకలేదు గనుక శుద్ధుడు" అనటం కూడా చాలదు. మేరియన్ జోన్స్ పరీక్షల్లో దొరక్కుండానే ఏళ్ళు గడిపి, 2007లో తానే ఒప్పుకుని సిడ్నీ పతకాలు అయిదూ పోగొట్టుకుంది. 1988లో గ్రిఫిత్ జాయినర్ 10.49లో పరుగెత్తిన పందెంలో గాలికొలత సున్న చూపించింది. ఆ కొలతను చాలామంది నిపుణులు నమ్మరు. ఆమె ఏ పరీక్షలోనూ ఓడలేదు. పదేళ్ళకు నిద్రలో మూర్ఛ వచ్చి 38 ఏళ్ళకే చనిపోతే ఆ మరణాన్ని కూడా సాక్ష్యంగా వాడుకున్నారు.

అయితే ఏం చేయాలి? అనుమానించటం మానేయాలా? మానవద్దు. కాని అనుమానం ఎవరిని అడగాలో వాళ్ళను అడగాలి. మనిషిని అడిగితే అది నింద. వ్యవస్థను అడిగితే అది ప్రశ్న. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు నెలల్లో జమైకా డోపింగ్ నిరోధక సంస్థ పోటీలు లేని సమయంలో చేసిన పరీక్ష ఒకే ఒక్కటని ఆ సంస్థలో పనిచేసిన అధికారిణి 2013లో బయటపెట్టింది. ఇది ప్రశ్న. దీనికి లెక్కలు చూపి జవాబు చెప్పవచ్చు, చర్య తీసుకోవచ్చు. "వాడి కండలు చూడండి, మొహం చూడండి" అనేదానికి ఎవరూ ఏ జవాబూ చెప్పలేరు.

వ్యవస్థను ప్రశ్నించినప్పుడే తరతమ భేదాలు కూడా కనిపిస్తాయి. 1988 సియోల్‌లో 9.79లో గెలిచిన బెన్ జాన్సన్ స్టానోజొలోల్‌తో దొరికాడు. మూడో రోజుకల్లా ప్రపంచమంతటికీ దుర్మార్గుడయ్యాడు. దొరికాడు గనుక శిక్ష సరైనదే. కాని ఆ బంగారం అందుకున్న కార్ల్ లూయీస్ నమూనాల్లో అదే ఏడు అమెరికా ఎంపిక పోటీల్లో నిషిద్ధ ఉత్తేజకాలు కనిపించాయని, తెలియక జరిగిన పొరపాటని అక్కడి సంఘం వదిలేసిందని 2003లోగాని లోకానికి తెలియలేదు. ఉత్తేజకం వేరు, స్టెరాయిడ్ వేరు, నిజమే. కాని ఒకరి కాగితాలు పదిహేనేళ్ళు బీరువాలో నిద్రపోవటం, మరొకరివి మూడు రోజుల్లో వీధికెక్కటం శాస్త్రం చేసిన భేదం కాదు.

ఇక మన శిబిరం. పెట్టుబడిదారీ లాభాపేక్షే డోపింగ్‌కు మూలమని రాసి చేతులు దులుపుకునే అలవాటు మనలో ఉంది. అది సగం నిజం. మిగతా సగం పేరు తూర్పు జర్మనీ. 1974 నుంచి అక్కడ రాజ్యమే ప్రణాళిక వేసి, నంబరు పెట్టి, బాలికలకు విటమిన్లని చెప్పి నీలిరంగు మాత్రలు మింగించింది. ఆ మాత్రలు పురుష హార్మోను. ఆ పిల్లల గొంతులు మారాయి, కాలేయాలు పాడయ్యాయి, పుట్టిన బిడ్డల మీద కూడా ఆ నీడ పడిందని తల్లులు సాక్ష్యం చెప్పారు. 2000లో బెర్లిన్ న్యాయస్థానం ఆ వ్యవస్థ అధిపతులకు శిక్ష వేసింది. అక్కడ లాభాపేక్ష లేదు, జెండా ఉంది. కార్మికరాజ్యం పేరుతో కార్మికుల పిల్లల శరీరాలను ముడిసరుకుగా వాడారు. ఆ నిజాన్ని గొంతు తగ్గించి చెప్పేవాడికి మందుల కంపెనీని తిట్టే హక్కు లేదు.

జెండా జబ్బు మనకూ ఉంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీలకు డోపింగ్ పరీక్షాధికారులు వచ్చారని తెలియగానే పోటీదారులు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. వాడిన సిరంజీలు మైదానం మరుగుదొడ్లలో దొరికాయి. వాళ్ళు ఒలింపిక్ పతకాలకోసం పరుగెత్తేవాళ్ళు కారు. రాష్ట్రస్థాయి సర్టిఫికెట్టు చేతికొస్తే క్రీడల కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం దొరుకుతుందని పరుగెత్తేవాళ్ళు. ఆ ఒక్క కాగితం ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే చోట సూది ఎందుకు గుచ్చుకున్నాడో అర్థం చేసుకోవటం కష్టం కాదు. అర్థం చేసుకోవటం వేరు, మాఫీ చేయటం వేరు. గుచ్చుకున్నవాణ్ణి శిక్షించి, అమ్మినవాణ్ణీ, సలహా చెప్పినవాణ్ణీ, చూసీ చూడనట్టున్నవాణ్ణీ వదిలేస్తే అది న్యాయం కాదు, గడ్డి పైపైన కోయటం.

మరి కొందరు మేధావులు దీనికొక తేలిక మార్గం కనిపెట్టారు: అందరినీ మింగనివ్వండి, గొడవ వదిలిపోతుంది అంటారు. ఉత్త మాట కాదు. అమెరికాలో కోటీశ్వరుల పెట్టుబడితో అటువంటి పోటీలు 2026 మే నెలకు లాస్ వేగాస్‌లో ప్రకటించారు. 100 మీటర్ల పరుగులోనో 50 మీటర్ల ఈతలోనో ప్రపంచ రికార్డు దాటితే 10 లక్షల డాలర్లు బహుమానమన్నారు. దీన్ని స్వేచ్ఛ అంటున్నారు. ఎవరి స్వేచ్ఛ? మందు ముట్టననేవాడికి అక్కడ గెలుపు లేదు. కూలి కుదరకపోతే పని మానుకునే స్వేచ్ఛ కూలివాడికి ఎంత ఉందో ఇదీ అంతే. గుండె ఆటగాడిది, ప్రమాదం ఆటగాడిది, సరుకు మాత్రం పెట్టుబడిదారుడిది. ఇక్కడ కూడా పాత సూత్రమే: పుట్టుకకూ సూదికీ భేదం లేదనటం. పిల్లను ఆపినవాళ్ళు పుట్టుకనే సూది అన్నారు. వీళ్ళు సూదినే పుట్టుక అంటున్నారు.

కాబట్టి మా మిత్రుడికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది. 2014లో ద్యుతీని సమర్థించాం, ఇప్పటికీ సమర్థిస్తాం. 2022లో ఆమె చేసింది తప్పు. ఆ శిక్షను కూడా సమర్థిస్తాం. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. ఉన్నదని తోచినవాళ్ళు తాము సమర్థించింది న్యాయాన్నా, లేక ఒక ముద్దుబిడ్డనా అని తేల్చుకోవాలి. బాధితురాలు మచ్చలేనిదైతేనే ఆమెకు జరిగిన అన్యాయం అన్యాయమవుతుందనే నియమం ఎక్కడా లేదు. అటువంటి నియమం పెట్టుకుంటే లోకంలో ఏ పీడితుడికీ న్యాయం దక్కదు, దేవుడికి తప్ప.

ఈ ఏడు తరగతిలో కర్ణుడి పాఠం చెబుతుంటే, మా కాలేజీ జట్టులో పరుగెత్తే ఒక అమ్మాయి లేచి అడిగింది: "కవచం కోసిచ్చాక కూడా కర్ణుణ్ణి నమ్మారా మాస్టారూ?" నమ్మలేదమ్మా, అన్నాను. అనుమానించేవాడు నీ ఒంటి మీదున్నదంతా పుచ్చుకున్నా అనుమానాన్ని మాత్రం తిరిగి ఇవ్వడు. అందుకే ముందు అడగవలసింది కర్ణుణ్ణి కాదు, బ్రాహ్మణ వేషంలో గుమ్మం ముందు నిలబడ్డవాణ్ణి: "అయ్యా, తమరెవరు? ఎవరి గెలుపు కోసం వచ్చారు?"